చదవడంలో వెనకబడ్డ పిల్లలకు ఏ సాయం మంచిది: ట్యూషనా, ఇంట్లో చదివించడమా, ఫోన్ యాపా?

మూడో తరగతికి వచ్చిన పిల్లాడు తెలుగు వాచకంలో నాలుగు లైన్లు తడుముకోకుండా చదవలేకపోతుంటే మన ఇళ్లలో ముందు వచ్చే మాట "ట్యూషన్ పెట్టిద్దాం". కొందరు ఫోన్‌లో యాప్ వేసి ఇస్తారు, కొందరు బడి మార్చేస్తారు, ఇంకొందరు "పెద్దయితే వాడికే వస్తుందిలే" అని ఊరుకుంటారు. ఈ ఆఖరిది మాత్రం ఎంచుకోకండి. నాలుగో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానమైనా, లెక్కల్లో ప్రశ్నలైనా చదివి అర్థం చేసుకోవాల్సిందే. చదవడం రాని పిల్లలు తెలుగు ఒక్కదాంట్లోనే కాదు, అన్నిట్లోనూ వెనకబడతారు. దానికితోడు సిగ్గు మొదలవుతుంది. సిగ్గు పడ్డ పిల్లల చేత నోరు తెరిపించడం చాలా కష్టం.

కోనసీమ పల్లెల్లో చిన్న తరగతులకు చాలా ఏళ్లు చెప్పినదాన్ని కాబట్టి తల్లిదండ్రులు వచ్చి ఏది మంచిదమ్మా అని అడుగుతుంటారు. ఏ సాయాన్ని తూచాలన్నా నేను చూసేవి రెండే. ఆ గంటసేపట్లో పిల్లాడు తన నోటితో పైకి ఎంతసేపు చదివాడు? చదువుతుంటే పక్కన ఎవరైనా విన్నారా? ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే ఎక్కువ ఫీజు తీసుకునేవన్నీ మంచివి కావనీ, డబ్బు ఖర్చు లేనివన్నీ పనికిరానివి కావనీ తెలిసిపోతుంది.

ముందు ఎక్కడ ఆగుతున్నాడో చూడండి

"మావాడికి చదవడం రాదండీ" అంటే చాలదు. తెలుగు చదవడంలో మెట్లున్నాయి. అక్షరాలు, ఆపైన గుణింతాలు, ఆపైన ఒత్తులు, తర్వాత ధారగా చదవడం, చదివింది అర్థం చేసుకోవడం. ఏ మెట్టు దగ్గర ఆగాడో తెలియకుండా సాయం వెతికితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

దీనికి పెద్ద పరీక్షలేం అక్కర్లేదు. బస్టాండులో నిలబడి బోర్డులు చదివించండి. "తణుకు", "రాజోలు", "అమలాపురం", "భీమవరం" చదివాడంటే అక్షరాలు, గుణింతాలు చాలావరకు వచ్చినట్టే. అదే పిల్లాడు "పాలకొల్లు", "కొత్తపేట", "ముమ్మిడివరం" దగ్గర ఆగిపోయి కింద ఉన్న ఒత్తుని వదిలేసి "పాలకొలు", "కొతపేట" అన్నాడంటే ఇబ్బంది ఒత్తులతో. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు. అందులో వింత లేదు. చాలా ఒత్తులు అసలు అక్షరం లాగే ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు రూపమే వేరు. ఆ ఆరింటినీ విడిగా నేర్పాలి. రెండో తరగతిలో పదిరోజులు బడి మానేసిన పిల్లలకు ఆ పాఠమే జారిపోతుంది. వరదలొచ్చి లంక ఊళ్లలో బడులు మూతపడే రోజులు కూడా ఇందులోకే వస్తాయి.

"తణుకు" కూడా చదవలేకపోతే ఇంకా వెనక్కి వెళ్లాలి. మ, య కలిసిపోతున్నాయా? ప, వ, ఫ, ష తేడా తెలుస్తోందా? ద, ధ, థ చూపించి అడగండి. తప్పు చెప్తే కోప్పడకుండా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

బోర్డులన్నీ చదివేసినా కథ చదివి "ఏం జరిగింది?" అంటే చెప్పలేని పిల్లలు ఉంటారు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పోతే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. వాళ్లకు అక్షరాలు మళ్లీ దిద్దించడం దండగ. వాళ్లకు కావాల్సింది బోలెడంత చదువు, అదీ సులువైన కథలతో.

ఒక జాగ్రత్త. వాచకంలోని పాఠం ఇచ్చి పరీక్ష పెట్టకండి. రెండో తరగతి పిల్ల ఒకామె పాఠం మొత్తం గడగడా చదివేది, వేలు కూడా లైను వెంటే కదిలేది. అదే పేజీలో కింది నుంచి మూడో లైను మీద వేలు పెట్టి చదవమంటే మళ్లీ మొదటి లైనే చెప్పింది. పాఠం మొత్తం కంఠతా వచ్చు, అక్షరం రాదు. తెలివైన పిల్లలే ఇలా నెట్టుకొస్తారు. అందుకే ఎప్పుడూ చూడని కాగితం ఇవ్వండి. పేపర్లో పిల్లల పేజీ అయినా సరే.

దేశమంతటా 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి 60 మాటలైనా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. తెలుగులో "చదువుకుంటున్నప్పుడు" అన్నది కూడా ఒక్క మాటే. మాటలు లెక్కపెట్టడం కన్నా, చదువుతుంటే వినేవాళ్లకు విషయం అర్థమవుతోందా లేదా అన్నది చూడండి. అది చాలు.

కళ్లు, చెవులు

డబ్బు పెట్టి ఏ సాయమైనా తీసుకునే ముందు కంటి పరీక్ష చేయించండి. బోర్డు దగ్గరికి వెళ్లి చూసే పిల్లలు, పుస్తకం ముక్కుకి ఆనించే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. చెవి కారే పిల్లలకు వినికిడి తగ్గొచ్చు. అప్పుడు "త"కీ "ద"కీ తేడా చెవికే అందదు. బడులకొచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం చూపు, వినికిడి రెండూ చూస్తుంది. వాళ్లు వచ్చే రోజు పిల్లాణ్ణి బడి మానిపించకండి.

ట్యూషన్

మన ఊళ్లలో ట్యూషన్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. సాయంత్రం ఐదింటికి వరండాలో చాప. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఇరవై మంది. అందరి ముందూ హోంవర్క్ పుస్తకాలు. సారు ఒక్కొక్కరికీ ప్రశ్నకు జవాబు టిక్కు పెట్టిస్తే పిల్లలు చూసి రాసుకుంటారు. ఏడింటికి ఇంటికి. పుస్తకం నిండుతుంది, తల్లిదండ్రులకు తృప్తిగా ఉంటుంది. కానీ ఆ రెండు గంటల్లో పిల్లాడు తన నోటితో చదివింది రెండు నిమిషాలు కూడా ఉండదు. చదవడం రాని పిల్లలకు ఇలాంటి ట్యూషన్ వల్ల జరిగే మేలు చాలా తక్కువ. చేతిరాత బాగుపడొచ్చు, హోంవర్క్ దెబ్బలు తప్పొచ్చు. అంతే.

అలాగని ట్యూషనే వద్దనను. అడగాల్సింది అడిగి చేర్చండి. "మా పిల్లాడి చేత రోజూ విడిగా చదివిస్తారా? ఎంతసేపు? వాడి తరగతి పుస్తకం కాకుండా వాడికి వచ్చిన దగ్గర్నుంచి మొదలుపెడతారా?" ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పిన టీచర్ దగ్గరైతే ఫీజు కాస్త ఎక్కువైనా చేర్చండి. "సిలబస్ అయిపోవాలి కదండీ" అన్నారంటే ఆ ట్యూషన్ మీ పిల్లాడికి కాదు. వీలైతే ఒక సాయంత్రం అక్కడే కూర్చుని చూడండి.

నా ఉద్దేశంలో డబ్బు పెట్టగలిగిన వాళ్లకు అన్నిటికన్నా మంచిది ఒకటుంది, చాలామందికి తట్టదు. డీఎడ్ చేసి టీచర్ ఉద్యోగాల కోసం డీఎస్సీకి చదువుకుంటున్న అమ్మాయిలు, అబ్బాయిలు మన దగ్గర దాదాపు ప్రతి ఊళ్లో ఉన్నారు. చిన్నపిల్లలకు చదవడం ఎలా నేర్పాలో వాళ్లు చదువుకునే వచ్చారు. రోజూ అరగంట, మీ ఒక్క పిల్లాడికి లేదా ఒకే మెట్టు మీద ఉన్న ఇద్దరు ముగ్గురికి కలిపి, మూడు నెలలు మాట్లాడుకోండి. ఇరవై మందితో రెండు గంటల కన్నా ఈ అరగంట ఎక్కువ పని చేస్తుంది. గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర ఆగినవాళ్లకు ఇది ముఖ్యంగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ తప్పు ఎందుకొస్తోందో పట్టుకునే కన్ను కావాలి.

అబాకస్, చేతిరాత క్లాసులు చదవడం నేర్పవు. వాటి మంచి వాటికుంది. ఈ సమస్యకు అవి మందు కాదు.

ఇంట్లో

రోజూ పావుగంట ఇంట్లో పక్కన కూర్చుని వినడాన్ని మించింది నాకు తెలిసి లేదు. కానీ "మాకు చదువు రాదు కదండీ" అంటారు. వినడానికి చదువు అక్కర్లేదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లుకునే తల్లులున్నారు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీయే. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోవచ్చు. కథలో కాకి నీళ్లు తాగిందో లేదో, ముసలమ్మ ఊరికి చేరిందో లేదో వినేవాళ్లకు తెలుస్తుంది. తెలియలేదంటే పిల్ల తప్పు చదివినట్టే. "ఏంటమ్మా, మళ్లీ చెప్పు?" అంటే చాలు, ఆ లైను మళ్లీ చదువుతుంది.

చదువుకున్న తల్లిదండ్రులకే ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. మాట దగ్గర పిల్లాడు ఆగగానే అందించేస్తారు, లేదా "ఇది కూడా రాదా" అంటారు. రెండూ వద్దు. ఆగిన చోట మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మాట చెప్పేయండి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవమనండి. అదే కథని నాలుగు రోజులు చదివించండి. మొదటి రోజు ఎడ్లబండిలా సాగిన చదువు నాలుగో రోజుకి సాఫీగా నడుస్తుంది, ఆ తేడా పిల్లాడికే తెలుస్తుంది. కంఠతా వచ్చేస్తుందేమో అనే అనుమానం ఉంటే మధ్యలో ఒక లైను మీద వేలు పెట్టి అడగండి. మరీ వెనకబడ్డవాళ్లతో మొదటి వారం ఇద్దరూ కలిసి ఒకే గొంతుగా చదవండి, ధైర్యం వచ్చాక మీ గొంతు తగ్గించేయండి.

తల్లి కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగే ఇళ్లు మన కోనసీమలో ఎన్నో. ఆ ఇళ్లలో నేను చెప్పేది వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. పిల్ల రోజూ ఒక పేజీ చదివి అమ్మకు పంపాలి. అమ్మ పని అయ్యాక విని, "ఆ నక్క ఏమందో సరిగ్గా వినపడలేదు, రేపు మళ్లీ చదువు తల్లీ" అని పంపాలి. అమ్మ వింటుందంటే పిల్లలు పంపే ముందు రెండుసార్లు చదువుకుంటారు. మనకు కావాల్సింది ఆ రెండుసార్లే.

అక్కో అన్నో చదివించడం కూడా బాగానే ఉంటుంది, కాకపోతే పదిహేను నిమిషాలకి మించితే గొడవ. ఇంటి చదువుకి ఉన్న పెద్ద లోటు మరొకటి. వ్యవసాయం పనులు, రొయ్యల చెరువు పట్టుబడి, పెళ్లిళ్లు వచ్చాయంటే ముందు ఆగిపోయేది ఇదే. వారంలో ఐదు రోజులు జరగని ఇంట్లో దీన్నే నమ్ముకోకండి, మనిషిని పెట్టుకోండి.

బడిలో

ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పిల్లల స్థాయి చూసి గుంపులు చేసి చదివించే పద్ధతి టీచర్లకు కొత్తేం కాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇలాంటి పని మొదలుపెట్టి చాలా కాలమైంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో లాంటి ఆర్థికవేత్తలు, 2019లో నోబెల్ అందుకున్నవాళ్లు, దాన్ని పరిశీలించి, తరగతిని బట్టి కాక పిల్లల స్థాయిని బట్టి చెప్తే వెనకబడ్డవాళ్లు ముందుకొస్తారని చూపించారు. నాలుగో తరగతి పిల్లాడు రెండో తరగతి పిల్లలతో కలిసి గుణింతాలు చదివితే చిన్నతనం అనుకోకండి. వాడి మెట్టు అదైతే అక్కడే మొదలవ్వాలి.

బడి సాయం ఉచితం, రోజూ జరుగుతుంది, చెప్పేది శిక్షణ పొందిన టీచర్. ఇబ్బంది మనుషుల దగ్గరే. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో ఒక్కొక్కరి చేత విడిగా చదివించడానికి టైమ్ దొరకదు. అందుకే టీచర్‌ని "మావాడికి చదువు చెప్పండి" అని కాకుండా "మావాడు ఏ మెట్టు మీద ఉన్నాడు, ఇంట్లో మేం ఏ పేజీ చదివించాలి?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఏ టీచరైనా సంతోషంగా జవాబు చెప్తారు. బడీ ఇల్లూ ఒకే పేజీ మీద పని చేస్తే పిల్లాడికి రెండింతలు మేలు.

బడి మార్చడం గురించి ఒక్కమాట. చదవడం రాదని ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికో, హాస్టల్‌కో మారిస్తే, రాని చదువు అలాగే ఉంటుంది, పైగా తెలిసిన టీచర్ దూరమవుతుంది. ఇప్పుడు ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్నాయి. ఇంట్లో మాట్లాడే భాష తెలుగైన పిల్లలకు ముందు తెలుగు పేజీ చదవడం రానివ్వండి. అక్షరాన్ని శబ్దంగా మార్చడం ఒక భాషలో పట్టుబడితే రెండోది ఎక్కడం సులువవుతుంది.

ఫోన్

గూగుల్ రీడ్ ఎలాంగ్ యాప్‌లో తెలుగు ఉంది. పిల్లాడు పైకి చదువుతుంటే వింటుంది, ఆగిన మాట తాకితే పలికి చూపిస్తుంది, కథలు దింపుకుంటే నెట్ లేకపోయినా పని చేస్తుంది. నా రెండు ప్రశ్నలకూ ఇది నిలబడుతుంది: పిల్లాడి నోరు కదులుతుంది, వినేది కూడా ఉంది. మనుషుల ముందు సిగ్గుపడే పిల్లలకు ఇది నిజంగా మంచిది, ఫోన్ నవ్వదు, కోప్పడదు. అయితే పక్కన టీవీ మోగుతుంటే సరిగా వినదు, మన పలుకుబడిని ఒక్కోసారి తప్పంటుంది. ఒత్తు ఎందుకు వదిలేశాడో కనిపెట్టి నేర్పడం దాని వల్ల కాదు. పదిహేను నిమిషాలయ్యాక ఫోన్ మీ చేతికి తీసుకోండి, లేకపోతే వేలు వీడియోల మీదికి పోతుంది.

కథల వీడియోలు చూడటం చదవడం కాదు. మాటలు పెరుగుతాయి, మంచిదే, కానీ దాన్ని చదువు లెక్కలో వేయకండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

ఏ సాయమైనా చదవడానికి పుస్తకం ఉంటేనే నడుస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా ఉచితంగా ఉన్నాయి, జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవచ్చు. మొదటి స్థాయిలో పేజీకి ఒకటో రెండో లైన్లే, కాబట్టి వెనకబడ్డ పిల్లలకు కూడా పుస్తకం మొత్తం పూర్తి చేశామన్న ఆనందం దక్కుతుంది. శాఖా గ్రంథాలయాల్ని మనం మర్చిపోయాం గానీ మన ఇంటిపన్నులో గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. గ్రంథాలయోద్యమానికి పితామహుడని పిలుచుకునే అయ్యంకి వెంకట రమణయ్య తూర్పు గోదావరి కొంకుదురులో పుట్టినవాడు. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి సన్న పుస్తకాలు వాళ్లనే ఎంచుకోనివ్వండి.

ప్రత్యేక సాయం ఎప్పుడు

మూడు నాలుగు నెలలు రోజూ సరైన మెట్టు నుంచి చదివించినా కదలిక లేదంటే, చెప్పిన అక్షరం మర్నాటికి మళ్లీ కొత్తదైపోతోందంటే, మాటల్లో చురుగ్గా ఉండి కాగితం ముందు మాత్రం ఆగిపోతుంటే, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యం ఉందేమో చూపించాలి. ఒకటో తరగతిలో అక్షరం తిరగేసి రాసినంత మాత్రాన అనుమానం వద్దు, ఆ వయసులో చాలామంది రాస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కలవండి. ఎక్కడ పరీక్ష చేయించాలో బడి ద్వారానే కనుక్కోవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని కూడా గుర్తించింది. నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడిగే హక్కు ఉంటుంది. ఇది బద్ధకం కాదు, పెంపకం లోపం అంతకన్నా కాదు. దాచుకోవాల్సిన అవసరం లేదు.

మరి మీకేది

అక్షరాలు, గుణింతాల దగ్గరే ఆగిన పిల్లలకు శిక్షణ ఉన్న మనిషి కావాలి, ఒక్కడికే లేదా ఇద్దరు ముగ్గురికి, అరగంట చొప్పున. డబ్బు లేకపోతే బడి టీచర్ చెప్పిన పేజీని ఇంట్లో రోజూ చదివించండి. ఒత్తుల దగ్గర ఆగినవాళ్లకు ఆ ఆరు ఒత్తులూ ఎవరైనా కూర్చోబెట్టి నేర్పాక, మిగతాది ఇంట్లోనే అయిపోతుంది, యాప్ తోడు పెట్టుకోవచ్చు. అన్నీ వచ్చి నత్తనడకన చదివేవాళ్లకు ట్యూషన్ ఫీజు దండగ. కథల పుస్తకాలు, ఇంట్లో వినే మనిషి ఉంటే చాలు. ఇరవై మంది వరండా ట్యూషన్ మాత్రం ఈ ముగ్గురిలో ఎవరికీ నేను చెప్పను.

ఏది మొదలుపెట్టినా ఆ రోజే పిల్లాడు ఒక కొత్త పేజీ చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. నెలకోసారి అదే స్థాయి పేజీ మరొకటి చదివించి రికార్డు చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా చెవికే తెలుస్తుంది, పిల్లాడికి కూడా వినిపించండి. రెండు నెలలకీ తేడా లేదంటే పిల్లాణ్ణి అనకండి, సాయం మార్చండి. ఏప్రిల్ ఆఖరులో బడులు మూసేసి జూన్‌లో తెరిచేలోపు నేర్చుకున్నది జారిపోతుంది కాబట్టి, సెలవుల్లో కూడా ఆ పావుగంట ఆపకండి. వేసవికి వేరే ఊరు వెళ్తుంటే పుస్తకాలు ముందే సంచిలో పెట్టండి.